నోటిసాక్షి

నాలుగో తొట్టిలో నూనెకు మబ్బు పట్టింది. పుణ్యవతి అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. అప్పటిదాకా తేనెలా అడుగు కనిపించిన నూనె, ఎవరో లోపల గుప్పెడు పిండి జల్లినట్టు తెల్లబారుతోంది. తెడ్డు తిరిగీ తిరగనట్టు తిరుగుతోంది. దాని వేగాన్నీ, తొట్టి చుట్టూ పారే చన్నీళ్ళనీ, ఇలాంటి కర్మాగారాలన్నిటినీ నడిపే యంత్రబుద్ధి సరళి చూసుకుంటుంది. మబ్బు సరిగ్గా పట్టిందా లేదా అన్నది మాత్రం ఇంకా మనుషుల కంటికే వదిలేశారు. వదిలేశారనడం కన్నా, తీసెయ్యడం మరిచిపోయారనడం న్యాయం.

“గంటకు ఒకటిన్నర డిగ్రీ చొప్పున దించుతున్నాను,” అంది సరళి, గోడకున్న స్పీకరు జల్లెడలోంచి. “రెండోరూపు పలుకులు, నోటికి మెత్తటివి. పరిమాణం సమంగా ఉంది.”

“కనబడుతోంది. తొందరపడకు.”

“నేను తొందరపడను.”

“మరి మొన్న మూడో తొట్టిని ఇసక చేసిందెవరు?”

సరళి తెడ్డు వేగాన్ని ఒక పిసరు తగ్గించింది. నచ్చని ప్రశ్నల్ని అది మొదట్నుంచీ అలాగే దాటేస్తుంది.

స్ఫటికశాలలో పనిచేసేవాళ్ళందరికీ ఉన్ని స్వెట్టర్లిచ్చారు. బయట జంగారెడ్డిగూడెం యాభై డిగ్రీల ఎండలో ఉడుకుతుంటే లోపల వీళ్ళు చేతులు రుద్దుకుంటూ తిరుగుతారు. జిల్లా మొత్తంలో మిగిలిన చలికాలాన్ని తెచ్చి ఈ గదిలో దాచారని వ్యాను నడిపే బుల్లబ్బాయి వేళాకోళం. నూనెకు ఆ చలి కావాలి. పామాయిలు చూడడానికి ఒకే నూనె, నిజానికి ఉమ్మడి కుటుంబం. ఒకే గిన్నెలో ఉంటారన్నమాటే గాని ఒక్కొక్కరు ఒక్కో వేడికి కరుగుతారు, ఒక్కో చలికి బిగుసుకుంటారు. వాళ్ళ మధ్య గొడవ రాకుండా వేరు కాపురాలు పెట్టించడమే ఈ శాల పని. మబ్బు పట్టిన నూనెను వడపోత పళ్ళేల మధ్య పెట్టి పిండితే పలచకోత కారిపోయి గట్టికోత మిగులుతుంది. పలచది నూడుల్సు వేయించడానికీ చిప్సుకూ పోతుంది. గట్టిది పఫ్‌లలో పొరలు విడదీస్తుంది, బిస్కట్లకు కరకర తెస్తుంది. పలచదాన్ని మళ్ళీ చల్లార్చి మళ్ళీ పిండితే నడిమి భాగం వస్తుంది. అదే మధ్యకోత. వేలితో పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది, నోట్లో వేసుకుంటే ఎటు పోయిందో తెలియదు. చాక్లెట్ల వాళ్ళు దానికోసం పడి చస్తారు.

ఇవన్నీ కాక ఈ కర్మాగారంలో తయారయ్యేది బలముద్ద. వేరుశనగ పొడి, పాలపొడి, పంచదార కలిపి, వాటిని పట్టి ఉంచడానికి పామాయిలు కోత పోసి, అరచేతిలో ఇమిడే పొట్లాల్లో నింపుతారు. సముద్రం మింగేసిన ఊళ్ళ జనం తలదాచుకునే చలువశాలల్లో చిన్నపిల్లలకు అదే తిండి. పొయ్యి అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, వండే మనిషి అక్కర్లేదు. పొట్లం చింపి నోట్లో పెట్టడమే.

బలముద్ద ఒక్కదానికే చట్టం ఒక మనిషిని అడ్డుపెట్టింది. ప్రతి మిశ్రమంలోంచీ ఒక చెంచా ఎవరో ఒక మనిషి తిని, “తిన్నాను, ఒప్పు” అని నోటితో చెప్పాలి. అప్పటిదాకా సరళి సరుకును కదిలించకూడదు. ఆ మనిషిని నోటిసాక్షి అంటారు. పుణ్యవతి తొమ్మిదేళ్ళుగా నోటిసాక్షి. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె “ఒప్పు” కాకుండా వేరే మాట అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

సాక్షిబల్ల స్ఫటికశాల తలుపు బయట, క్యాంటీను గూటి పక్కనే ఉంటుంది. చలిలోంచి వణుకుతూ బయటికి రాగానే అందరూ గ్లాసెడు పొగలు కక్కే టీ తాగి, ఆ తర్వాతే రుచి చూస్తారు. ఎవరు పెట్టారో తెలియదు గాని అదొక ఆచారం. నోరు శుభ్రపడుతుందని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. చెప్పినవాళ్ళు రిటైరై పోయారు, టీ మిగిలింది.

ఆ రోజు మాత్రం పుణ్యవతికి టీ లేదు. కింది దవడలో పుచ్చిన దంతాన్ని ముందు రోజు సాయంత్రమే పీకించుకుంది. వేడివి ముట్టుకుంటే మళ్ళీ తన దగ్గరికే వస్తావని డాక్టరమ్మ బెదిరించింది. అందుకని సీసాలోని చల్లటి మజ్జిగ రెండు గుక్కలు తాగి, మచ్చుతొట్టిలోంచి చెంచాడు ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

ముద్ద కరగలేదు.

నాలుకతో అంగిటికి అదిమి పట్టింది. తీపి తెలిసింది, వేరుశనగ వాసన తెలిసింది. కానీ ఆ రెంటినీ మోస్తున్న కొవ్వు అక్కడే పట్టు పట్టి కూర్చుంది. మింగబోతే గొంతు వెనక్కి తోసింది. చివరికి వేలు పెట్టి గీకితే తెల్లటి పొర గోటికి అంటుకుని వచ్చింది. ఇంకో చెంచా తీసింది. మళ్ళీ అంతే.

తన నోరే బాగాలేదేమో అనుకుంది. అప్పుడే బుల్లబ్బాయి టీ గ్లాసు ఊదుకుంటూ వచ్చాడు. గొల్లప్రోలు చలువశాలకు సరుకు చేరవేసేది అతనే. ఆ రోజు సరుకు మరీ ముఖ్యమైనది. మర్నాటి నుంచి ఎండమూత. పది రోజులపాటు రోడ్ల మీద చక్రం తిరగకూడదు. ఆ సాయంత్రం దీపాలవేళకు చలువశాల తలుపులు మూతపడితే మళ్ళీ పదకొండో రోజునే తీస్తారు.

“బుల్లబ్బాయ్, ఇది కాస్త నోట్లో వేసుకో.”

అతను టీ చివరి గుక్క తాగి, చెంచా నాకి, చప్పరించాడు. “బానే ఉంది కదక్కా. రోజూలాగే.”

“ఇప్పుడీ నీళ్ళు పుక్కిలించు. ఇంకోసారి. ఆ, ఇప్పుడు తిను.”

పెద్దమనిషి చెప్పింది కాదనలేక అతను తిన్నాడు. దవడ ఆడించాడు. నాలుక బయటపెట్టి చూసుకున్నాడు. నవ్వబోయిన మొహం మధ్యలోనే ఆగిపోయింది.

“కొవ్వొత్తి నమిలినట్టుందేంటక్కా?”

“నాకూ అలాగే ఉంది.”

బుల్లబ్బాయి చెంచాను బల్ల మీద పెట్టేశాడు. “అక్కడ పిల్లలు బుగ్గన పెట్టుకుని ఊసేస్తన్నారక్కా. ఎండకి ఆకలి చచ్చిపోయింది అంటన్నారందరూ. నేనూ అదే అనుకున్నా. ఆళ్ళమ్మలు నోట్లో వేలెట్టి గీకుతుంటే ఏదో మారాం అనుకున్నా.”

పుణ్యవతి నెలలు లెక్కపెట్టుకుంది. ఫిబ్రవరి నుంచీ ఇదే పాళ్ళు. ఫిబ్రవరి నుంచీ రోజూ ఈ బల్ల దగ్గర నిలబడి, వేడి టీతో కాగిన నోట్లో వేసుకుని, హాయిగా కరిగిపోతోందని మురిసిపోతూ “ఒప్పు” అంటూ వచ్చింది. అబద్ధం ఏనాడూ చెప్పలేదు. తిన్నాననడం నిజం, బాగుందనడం నిజం. అయినా సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“పుణ్యవతి గారూ,” అంది సరళి. “సాక్ష్యం ఆలస్యమైంది. నింపుడు గొట్టాలు సిద్ధంగా ఉన్నాయి.”

“తిన్నాను,” అంది పుణ్యవతి. మచ్చుతొట్టికి మూత పెట్టేసింది. “ఒప్పుకోను.”

జల్లెడలో చిన్న గరగర వినిపించి ఆగింది. “మళ్ళీ చెప్పండి.”

“ఒప్పుకోను. ముద్ద నోట్లో కరగడం లేదు.”

“ఏ పరికరంతో కొలిచారు?”

“అంగిలితో.”

“అదే అంగిలి నిన్న ఒప్పుకుంది. మొన్న ఒప్పుకుంది. పాళ్ళు మారలేదు.”

“నిన్నా మొన్నా టీ తాగి తిన్నాను. ఇవాళ తాగలేదు.”

సరళి ఎప్పుడూ ఎవరూ అడగని లెక్క ఒకటి మొదలుపెట్టింది.

“టీ తాగిన వెంటనే నోటి వేడి కొద్దిసేపు నలభై అయిదు దాటవచ్చు,” అంది చివరికి. “ఈ మిశ్రమం కరిగే వేడి నలభై నాలుగు. ఇక్కడ సాక్షులు టీ తాగుతారన్న సంగతి నా దగ్గర లేదు.”

“నువ్వడగలేదు, మేం చెప్పలేదు. మాకే తట్టలేదు.”

“నలభై నాలుగు పొరపాటున పెట్టిన అంకె కాదు. గొల్లప్రోలు చలువశాల పాత గోదాము, లోపల పగటి వేడి నలభై రెండు. అంతకన్నా తక్కువ వేడికి కరిగే కోత పోస్తే పొట్లాల్లో నూనె ఊట వస్తుంది. పోయిన వేసవిలో వచ్చింది. అక్కడ తలుపు దగ్గర సరుకును పరీక్షించే గడపకన్ను రెండు వ్యాన్ల సరుకు తిప్పి పంపింది. వారం రోజులు పిల్లలకు ముద్ద లేదు. అందుకే ఈ ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే గట్టికోత పెంచాను. అప్పటి నుంచి ఒక్క పొట్లం కూడా తిరిగి రాలేదు.”

అదంతా నిజమే. ఊట వచ్చిన పొట్లాలు వెనక్కి వచ్చిన రోజు శాలలో ఎవరికీ అన్నం సహించలేదు. పుణ్యవతి బల్ల అంచు పట్టుకుని నిలబడి, తనలో తనే గొణుక్కుంది. “గోదాము నలభై రెండు. పిల్ల నోరు ముప్పై ఏడు. అక్కడ కరగనిది ఇక్కడెలా కరుగుతుందే?”

“కరగదు,” అంది సరళి. “గోదాము నోటికన్నా వేడిగా ఉంది.”

పాతకాలంలో ఇటువంటి చిక్కు ఉండేది కాదు. అలమర ఎప్పుడూ నోటికన్నా చల్లగా ఉండేది, కాబట్టి అలమరలో నిలబడ్డదల్లా నాలుక మీద పడగానే లొంగిపోయేది. వంటనూనెల శాస్త్రమంతా ఆ చిన్న తేడా మీదే బతికింది. ఎండలు ఆ తేడాను తలకిందులు చేసి వెళ్ళిపోయాయి, ఎవరికీ చెప్పలేదు.

సరుకు ఆగిందని తెలిసి షిఫ్టు ఇన్‌చార్జి శేషగిరి పరుగున వచ్చాడు. యాభై దాటిన మనిషి, బీపీ ఉంది, పరుగు ఒంటికి మంచిది కాదు. సంగతంతా విని, మారు మాట లేకుండా తనే నీళ్ళు పుక్కిలించి, చెంచాడు తిని, రుమాలులోకి ఊసి, ఆ రుమాలును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మా పుణ్యవతీ, నువ్వు చెప్పింది నిజమే. కాదనను. కానీ ఇవాళ వ్యాను వెళ్ళకపోతే పది రోజులు వెళ్ళదు. అక్కడ మూడు రోజుల సరుకు కూడా లేదు. అసలేమీ లేకపోవడం కన్నా గట్టి ముద్ద నయం కదా? గీకో, చప్పరించో, కొంతైనా లోపలికి పోదూ?”

“కొంతైనా పోతుందండి,” అంది పుణ్యవతి. ఒప్పు అంటే మూడువందల పైచిలుకు పిల్లలకు మైనం పెట్టినట్టు. ఒప్పుకోనంటే ఖాళీ చేతులు చూపించినట్టు. పన్ను పీకిన చోట సలపడం మొదలైంది. ఏడుపొచ్చేలా ఉంది, కానీ ఏడిస్తే దవడ నొప్పెడుతుంది.

“మధ్యకోత ఎంత ఉంది సార్?”

“ఆరో తొట్టి నిండా ఉంది. హైదరాబాదు చాక్లెట్ల వాళ్ళది.”

“ఎండమూతలో వాళ్ళకీ వ్యాను వెళ్ళదు కదండి.”

శేషగిరి ఆమె కేసి చూశాడు. ఆయనకు అర్థమైంది, అర్థమైనందుకు భయమూ వేసింది. “దాంతో కలిపితే ముప్పై అయిదుకే కరిగిపోతుంది. దారిలోనే ఊట.”

“సరళీ,” అంది పుణ్యవతి, “ఊట వచ్చిందంటే లోపల ఏం జరిగినట్టు?”

“పొడి అడుగుకు దిగుతుంది. నూనె పైకి తేలుతుంది.”

“చెడిపోయినట్టా?”

“కాదు. విడిపోయినట్టు. అయితే గడపకన్నుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా పగలు కరిగి, తెల్లవారుజామున గడ్డకట్టి, మళ్ళీ కరుగుతుంటే పలుకులు పెరిగి ఇసకలా తగులుతాయి.”

“కరిగి ఉన్నప్పుడు మళ్ళీ కలిపేస్తే?”

“ఇసక పట్టదు. పొడి, నూనె మళ్ళీ ఒకటవుతాయి. కానీ చలువశాలలో కలిపే యంత్రం లేదు.”

“పొట్లాన్ని పైనుంచే పిసికితే?”

“ఎవరు పిసుకుతారు?”

ఆ ప్రశ్న సరళి ఎకసక్కానికి అడగలేదు, దానికి ఎకసక్కం రాదు. కర్మాగారం నుంచి పిల్లవాడి పెదవి దాకా దాని లెక్కలో ఎక్కడా ఒక మనిషి లేడు. అందుకే పుణ్యవతి మనిషినే అడుగుదామనుకుంది. బుల్లబ్బాయి ఫోనులో గొల్లప్రోలు నంబరు కలిపాడు.

అక్కడ పిల్లల తిండి చూసేది నూకరత్నం. ఉప్పాడలో ఇల్లూ వీధీ సముద్రంలో కలిసేదాకా చేపల తట్ట మోసిన మనిషి. ఫోనులో కూడా బజార్లో పిలిచినట్టే మాట్లాడుతుంది.

“ఎవురూ? ముద్ద సేసే అమ్మా? సెప్పమ్మా.”

పుణ్యవతి చెప్పింది. టీ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

“అదా సంగతి,” అంది నూకరత్నం. “మా మనవరాలు ముత్యానికి రెండేళ్ళు. పొట్లం సూత్తే పెదాలు బిగించేత్తంది. కొట్టానమ్మా దాన్ని. తిండి మీద అలుసని సెప్పి కొట్టాను.”

“తప్పు నీది కాదమ్మా.”

“ఎవురిదో తర్వాత సూద్దాంలే. ఇప్పుడేటి సెయ్యమంటావు?”

“వేరే ముద్ద పంపుతాను. నోట్లో పెడితే కరుగుతుంది. కానీ అక్కడికొచ్చేసరికి నూనె పైకి తేలిపోతుంది. చింపే ముందు ప్రతి పొట్లాన్నీ చేత్తో బాగా పిసకాలి. పెద్ద పని. మూడొందల మంది పిల్లలు, పూటపూటా.”

“పచ్చడి జాడీలో నూనె తేలిందని పారబోసేత్తామేటమ్మా? కలుపుకు తింటాం. ఎండమూతంటే తలుపులేసుకుని ఒకళ్ళ మొగాలొకళ్ళు సూసుకోడమే కదా. ఇక్కడ డెబ్బయి మంది ఆడోళ్ళం ఉన్నాం, మగోళ్ళు కూడా ఉన్నారు, ఆళ్ళకీ సేతులున్నాయి. పంపించు.”

శేషగిరి ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. రుమాలు తీసి మొహం తుడుచుకోబోయి, అందులో ఏముందో గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “మధ్యకోత నా పూచీ,” అన్నాడు. “చాక్లెట్ల వాళ్ళు అరిస్తే నేను పడతాను. ఈ గట్టి మిశ్రమం బిస్కట్ల విభాగం వాళ్ళకిచ్చేద్దాం, వాళ్ళకు పనికొస్తుంది. కానీ గడపకన్ను సంగతేమిటి? దానికి మన కథలు అక్కర్లేదు.”

“నిబంధన ఒకటి ఉంది,” అంది సరళి. “ఊట ఉన్న సరుకును సాక్షి స్వయంగా దగ్గరుండి ఒప్పుకుంటే గడపకన్ను ఆపదు. కానీ ఆ సరుకు వాడినన్నాళ్ళూ సాక్షి అక్కడే ఉండాలి. ఈ నిబంధనను ఇంతవరకు ఎవరూ వాడలేదు.”

అక్కడే ఉండడమంటే పది రోజులు తలుపులు మూసిన ఆ గోదాములో ఉండడం. పుణ్యవతి ఎక్కువ ఆలోచించలేదు. ఎక్కువ ఆలోచిస్తే వెళ్ళనని తనకు తెలుసు. స్వెట్టరు విప్పి కొక్కేనికి తగిలించి, మొగుడు సత్తిబాబుకు ఫోను చేసింది. అతను మొత్తం విని, “పన్ను పీకించుకుని ఒక్క రోజు కాలేదు, పది రోజులు ఎండల్లో ఊరేగుతావా?” అన్నాడు. కాసేపాగి, “మాత్రలు నీ సంచిలోనే ఉన్నాయిగా,” అన్నాడు. వెళ్ళమని చెప్పడం అతనికి అలాగే వచ్చు.

కొత్త మిశ్రమం రెండు గంటల్లో తయారైంది. పుణ్యవతి చల్లటి నీళ్ళతో పుక్కిలించి చెంచాడు తింది. నాలుక మీద చిన్న చల్లదనం తగిలింది, ఆ వెంటనే ముద్ద జారిపోయింది. అంగిటికి ఏమీ మిగల్లేదు. బుల్లబ్బాయి కూడా తిని, అడక్కుండానే రెండో చెంచా తీసుకున్నాడు.

“తిన్నాను. ఒప్పు,” అంది పుణ్యవతి. తొమ్మిదేళ్ళలో ఆ మాట అంటున్నప్పుడు తను ఏమంటోందో తెలిసి అనడం అదే మొదటిసారి.

దారి పొడుగునా ఏసీ లేని వ్యాను, వడగాలి. మధ్యాహ్నం రోడ్డు మీద వీళ్ళు తప్ప పిట్ట లేదు. ఆమె ఒళ్ళో ఒక పొట్లం పట్టుకుని కూర్చుంది. రాజమండ్రి దాటేసరికి అది నీళ్ళతిత్తిలా మెత్తబడింది. లోపల నూనె అటూ ఇటూ పొర్లుతోంది. నూకరత్నం మాట ఇచ్చింది సరే, పూటపూటా మూడొందలు, పది రోజులు. నాలుగో రోజుకు విసుగెత్తితే? పిల్లలు నోరే తెరవకపోతే? ఒకసారి చేదు తెలిసిన నోరు అంత తొందరగా నమ్మదు.

దీపాలవేళకు కాస్త ముందే గొల్లప్రోలు చేరారు. ఒకప్పటి బియ్యం గోదాము, పైకప్పుకు మందంగా సున్నం, గోడల వెంట తడి గోనెపట్టాలు. గడపకన్ను ఆకుపచ్చ వెలుతురు పొట్లాల మీద పాకి ఎర్రబడింది.

“ఊట. తిరస్కారం.”

“నేను నోటిసాక్షి పుణ్యవతిని. ఇక్కడే ఉన్నాను.” ఒళ్ళోని పొట్లాన్ని దానికి ఎదురుగా పట్టుకుని పిసికింది. లోపల విడివిడిగా తగిలిన పొడీ నూనే కాసేపటికి ఒకే మెత్తదనంగా మారాయి. చింపి, కొంత తింది. “తిన్నాను. ఒప్పు. ఇది అయిపోయేదాకా ఇక్కడే ఉంటాను.”

ఎర్ర వెలుతురు చాలాసేపు అలాగే ఉంది. బుల్లబ్బాయి కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత తలుపు తెరుచుకుంది.

నూకరత్నం ఫోనులో గొంతుకు తగ్గ మనిషే. ఆడవాళ్ళను ఇప్పటికే వరసల్లో కూర్చోబెట్టింది. పొట్లాలు చేతులు మారాయి. మొదట మాటలూ నవ్వులూ వినబడ్డాయి, ఎవరో ఒక ముసలాయన తన పొట్లాన్ని చిట్లేలా పిసికి చొక్కా నిండా పోసుకుంటే ఇంకా నవ్వులు. తర్వాత అందరూ పనిలో పడ్డారు. పుణ్యవతి వాళ్ళ మధ్యలో కూర్చుని, అరచేతుల మధ్య పెట్టి ఎలా దొర్లించాలో చూపించింది. చూపించాల్సిన అవసరం పెద్దగా లేదు.

ముత్యాన్ని నూకరత్నం ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మోచేతులు మరీ సన్నగా ఉన్నాయి. పొట్లం కనబడగానే పిల్ల మొహం పక్కకు తిప్పి, పెదాలు లోపలికి మడిచేసుకుంది. నూకరత్నం ఈసారి చెయ్యి ఎత్తలేదు. వేలి కొసకు కొంచెం ముద్ద తీసుకుని ఆ బిగించిన పెదాల మీద రాసి ఊరుకుంది. చుట్టుపక్కల చేతులు ఆగాయి.

చాలాసేపటికి పిల్ల నాలుక బయటికి వచ్చి పెదవిని తడిమింది. మొహం ముడుచుకుంది, ఎప్పుడూ అంటుకునేది ఇప్పుడూ అంటుకుంటుందని. అంటుకోలేదు. నాలుకను అంగిటికి తిప్పింది, బుగ్గల్లోకి తిప్పింది. ఎటు పోయిందో దొరకలేదు. అనుమానంగా నాయనమ్మ వేలికేసి చూసి, నోరు తెరిచింది.

నూకరత్నం ఏడుస్తూనే పెట్టడం మొదలుపెట్టింది. పుణ్యవతి పక్కకు జరిగి పొట్లాన్ని తను పట్టుకుంది. ఆమెకూ కళ్ళు నిండాయి, దవడ నొప్పి సంగతి మరిచిపోయింది.

“పుణ్యవతి గారూ,” అంది సరళి, గడపకన్ను పక్కనున్న జల్లెడలోంచి. గొంతు మామూలుగానే ఉంది గాని మాటల మధ్య ఖాళీలు ఎక్కువయ్యాయి. “మిగతా కర్మాగారాల సాక్షుల్ని కూడా చల్లటి నీళ్ళు పుక్కిలించి మళ్ళీ తినమన్నాను. నలభై ఒక్కరిలో ఇరవై ఆరుగురు ఒప్పుకోలేదు. అక్కడి చలువశాలల్ని అడిగాను. పిసుకుతామంటున్నారు, అక్కడింకా ఎండమూత పడలేదు. అందరికీ పాళ్ళు మార్చాలి. మార్చే ముందు నాకొక అంకె కావాలి. పొట్లం ఎంతసేపు పిసకాలి?”

పుణ్యవతి వెనక్కి తిరగలేదు. ముత్యం ఆమె చేతిలోని పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని తనకేసి లాక్కుంటోంది.

“ఆగు,” అంది. “పిల్ల తింటోంది.”

సరళి ఆగింది. ముత్యం తినడం అయ్యేదాకా నలభై ఒక్క కర్మాగారాల్లో తెడ్లు ఊరికే తిరుగుతూ ఉన్నాయి.